మార్గో రాసుకున్న డైరీ

ఆన్ ఫ్రాంక్ అనే యూదు పిల్ల, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా ఇంటివాళ్ళతో దాక్కుని రాసుకున్న డైరీ చదివినవాళ్ళందరూ ఆన్ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ పుస్తకం పేరు వింటే ముందు గుర్తొచ్చేది వాళ్ళక్క మార్గో. తొమ్మిదో తరగతి అయిపోయిన వేసవి సెలవుల్లో, 2001లో, చీరాలలో ఉన్నప్పుడు చదివాను దాన్ని. అప్పుడు ఏర్పడిన అభిప్రాయం ఇప్పటికీ అలాగే ఉంది. ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నాను, ఇవాళ కుదిరింది.

పుస్తకం మా ఇంగ్లీష్ టీచర్‌ది. సెలవులిచ్చే ముందు క్లాసులో నలుగురైదుగురిని పిలిచి తలా ఒక పుస్తకం ఇచ్చి, "చదివి ఊరికే తెచ్చివ్వడం కాదమ్మా, మీకేమనిపించిందో రాసుకురావాలి" అన్నారు. నాకొచ్చింది ఇది. అట్ట మీద బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో నవ్వుతున్న అమ్మాయి, దాదాపు నా వయసే. అప్పటికి నాకు తెలిసిందల్లా సోషల్ పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం పాఠం ఒక్కటే. హిట్లర్, నాజీలు, యూదుల్ని చంపించారు అని ఎక్కడో ఒక వాక్యం, పరీక్షలో వస్తే రెండు మార్కులు. ఆ ఒక్క వాక్యంలో ఉన్న మనుషులకి ఇల్లుంటుందనీ, బంగాళాదుంపలు ఒలిచేటప్పుడు మాటామాటా అనుకుంటారనీ, పిల్లలకి లెక్కలంటే భయం ఉంటుందనీ నేను ఆలోచించింది ఆ పుస్తకం చేతికొచ్చాకే.

మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక వెనక వరండాలో కూర్చుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేదాన్ని. మొదట్లో ఒక పేజీకి నాలుగైదు మాటలు వెతుక్కోవాల్సి వచ్చేది, తర్వాత తర్వాత డిక్షనరీ తీయడమే మానేశాను, ఎందుకంటే ఆ పిల్ల రాసిన తీరు అలాంటిది, ఎదురుగా కూర్చుని గడగడా చెప్తున్నట్టు ఉంటుంది.

మా ఇంట్లో నేను పెద్దదాన్ని. చెల్లి నాకంటే మూడేళ్ళు చిన్నది. ఫ్రాంక్ వాళ్ళింట్లోనూ అంతే: మార్గో 1926 ఫిబ్రవరిలో పుట్టింది, ఆన్ 1929 జూన్‌లో, ఇద్దరూ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో. హిట్లర్ వచ్చాక తల్లిదండ్రులు ఒట్టో, ఈడిత్ పిల్లల్ని తీసుకుని హాలండ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్ళిపోయారు. అక్కడైనా బతకొచ్చని. 1940 మే నెలలో జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చేసింది.

చదువుతూ ఉంటే ఆ ఇల్లు నాకు బాగా తెలిసిన ఇల్లులా అనిపించింది. చిన్నది వాగుడుకాయ, మొండిది, అందరితో పేచీ. పెద్దదాన్ని అందరూ మెచ్చుకుంటారు, ఆ మెప్పు చిన్నదానికి నచ్చదు. దాక్కోవడానికి వెళ్ళే ముందు రోజు రాసిన పేజీల్లోనే, అక్కకి ఎప్పటిలాగే అద్భుతమైన మార్కులొచ్చాయని ఆన్ రాస్తుంది. ఆ తర్వాత 1943లో ఒకచోట, తనకి మార్గోలా ఉండాలని లేదనీ, మార్గో మరీ మెతక మనిషనీ, ఎవరేమన్నా తగ్గిపోతుందనీ రాసింది. అది చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. మా అమ్మ రోజుకొకసారైనా "పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి" అనేది. ఫ్యాన్ గాలి తగిలే వైపు చెల్లికి, కొత్త స్కూలు బ్యాగు చెల్లికి. సర్దుకోవడం మెతకదనం కాదని నాకు తెలుసు, ఎంత బిగపట్టుకుంటే అది కుదురుతుందో కూడా తెలుసు. అందుకని ఆ రోజు నుంచి పుస్తకం చదివే పద్ధతే మారిపోయింది. ఆన్ చెప్పేది వింటూనే, పక్కన కూర్చున్న మార్గో ఏం చేస్తోందో వెతుక్కుంటూ పోయాను. భోజనాల దగ్గర ఎవరెలా తింటారో ఆన్ సరదాగా రాసిన పేజీ ఒకటుంది. అందులో మార్గో పిట్టలా తింటుంది, ఒక్క మాటా మాట్లాడదు. మిగతావాళ్ళకి బోలెడు వాక్యాలు, మార్గోకి రెండో మూడో.

అసలు ఆ కుటుంబం దాక్కోవాల్సి వచ్చిందే మార్గో వల్ల, అంటే మార్గోకి వచ్చిన నోటీసు వల్ల. ఇది చాలామందికి గుర్తుండదు. 1942 జులై 5, ఆదివారం. జర్మనీలో పని శిబిరానికి రావాలని నాజీల పిలుపు ఇంటికొచ్చింది. మార్గో వచ్చి చెల్లికి చెప్పిన మాట: నాన్నకి నోటీసొచ్చింది అని. ఆన్ బెంబేలెత్తిపోయింది. తర్వాత ఇద్దరూ గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పింది, నోటీసు నాన్నకి కాదు, నాకే అని. అప్పుడు ఏడ్చింది ఆన్. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పదహారేళ్ళ పిల్ల. తన పేరు మీద కాగితం వచ్చింది, ఆ శిబిరాలకి వెళ్తే ఏమవుతుందో ఎవరికీ సరిగ్గా తెలీదు, మంచి జరగదని మాత్రం అందరికీ తెలుసు. అలాంటప్పుడు కూడా చెల్లికి ముందు ఎలా చెప్పాలి అని చూసుకుంది. అలా ఎందుకు చెప్పిందో ఆన్ రాయలేదు. నాకు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది, అక్కలు అలాగే చెప్తారు.

మర్నాడు పొద్దున్న వాన. ఆన్ ఒంటి మీద ఒకదాని మీద ఒకటి ఎన్ని బట్టలు తొడుక్కుందో ఆ లిస్టు చదివినవాళ్ళందరికీ గుర్తుంటుంది, సూట్‌కేసుతో యూదులు రోడ్డు మీద కనిపిస్తే పట్టుకుంటారు కాబట్టి. నాకు గుర్తున్నది మార్గో స్కూలు బ్యాగు. అందులో పాఠ్యపుస్తకాలు కుక్కుకుని, సైకిలెక్కి, అందరికంటే ముందు బయల్దేరింది. వాళ్ళ నాన్న ఆఫీసులో పనిచేసే మీప్ గీస్ ముందు సైకిల్ మీద, వెనక మార్గో. అప్పటికి యూదులు సైకిల్ ఉంచుకోకూడదు, యూదులని తెలిసేలా బట్టల మీద కుట్టుకున్న పసుపు నక్షత్రం లేకుండా వీధిలోకి రాకూడదు. ఆ రెండూ తప్పించి, ఆ వానలో, ఊరు మధ్యలోంచి తొక్కుకుంటూ పోయింది. ఎక్కడికి వెళ్తున్నారో ఆన్‌కి ఇంకా తెలీదు. మిగతా ముగ్గురూ తర్వాత నడిచి వచ్చారు, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలవ పక్కన 263 నంబరు బిల్డింగుకి, ఒట్టో వ్యాపారం నడిచే చోటికే. ఆఫీసు వెనక భాగంలో, తర్వాత పుస్తకాల బీరువా అడ్డం పెట్టి మూసేసిన గదుల్లో, ఇంకో కుటుంబాన్నీ తర్వాత ఒక పళ్ళ డాక్టర్‌నీ కలుపుకుని ఎనిమిది మంది రెండేళ్ళ పైన బతికారు.

పుస్తకాల బ్యాగుతో వెళ్ళిన పిల్ల అక్కడ చదువు ఆపలేదు. లాటిన్ నేర్చుకోవడానికి కరస్పాండెన్స్ కోర్సు కట్టింది, అదీ తన పేరు మీద కాదు, ఆఫీసులో టైపిస్టు బెప్ వోస్కుయిల్ పేరు మీద. పాఠాలు పోస్టులో వచ్చేవి, మార్గో చేసిన లెసన్లు బెప్ పేరుతో తిరిగి వెళ్ళేవి. అవి దిద్దిన టీచర్‌కి ఆ విద్యార్థిని ఎవరో ఎప్పటికీ తెలిసి ఉండదు. పెద్దయ్యాక పాలస్తీనా వెళ్ళి పురుళ్ళు పోసే నర్సు అవ్వాలని మార్గో కోరిక. అది కూడా మనకి ఆన్ చెప్తేనే తెలిసింది, ఒక్క వాక్యంలో.

ఇక నేను ఉలిక్కిపడ్డ చోటు. 1942 అక్టోబర్‌లో ఒక రాత్రి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే మంచం మీద ఇరుక్కుని పడుకుని కబుర్లు చెప్పుకుంటుంటే, నీ డైరీ నేను చదవచ్చా అని మార్గో అడుగుతుంది. కొన్ని పేజీలు చదువు అంటుంది ఆన్, మరి నీది అని అడుగుతుంది. చదువుకో అంటుంది మార్గో. అంటే మార్గో కూడా రాస్తోంది! ఆ గదుల్లో రెండు డైరీలు ఉన్నాయి. పుస్తకం మూసేసి అట్ట వెనక, చివరి పేజీల్లో, ముందుమాటలో, అంతా వెతికాను, రెండోది ఏమైందో ఎక్కడైనా రాశారేమోనని. లేదు. చివర్లో మాత్రం ఎవరికి ఏం జరిగిందో క్లుప్తంగా వేశారు. 1944 ఆగస్టు 4న పోలీసులొచ్చి అందరినీ పట్టుకుపోయారు. ఆఫీసర్ నగలూ డబ్బూ వేసుకోవడానికి ఒట్టో బ్రీఫ్‌కేసు తీసుకుని అందులో ఉన్నవి నేల మీద కుమ్మరించాడు. ఆ కుమ్మరించినవే ఆన్ రాసుకున్న నోటుబుక్కులూ కాగితాలూ. తర్వాత మీప్, బెప్ ఆ కాగితాలన్నీ ఏరి దాచారు. మార్గో డైరీ మాత్రం ఎప్పటికీ దొరకలేదు.

టీచర్‌కి రాసిచ్చిన నా అభిప్రాయం లాంగ్ నోటుబుక్కులో ఒకటిన్నర పేజీ. పైన హెడ్డింగ్: "మార్గో డైరీ ఎక్కడ?" అందులో ఏం రాశానో చాలావరకు గుర్తుంది. ఈ పుస్తకం చాలా బాగుంది, కానీ ఇది ఒక్కరు చెప్పిన ఇల్లు. ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంది, తను కూడా రాసింది, తను రాసింది చదవకుండా ఈ కుటుంబం నాకు పూర్తిగా తెలిసిందని నేను అనుకోను. వాళ్ళమ్మ గురించి ఆన్ రాసింది చదివితే ఆవిడ మంచిది కాదనిపిస్తుంది, మార్గోని అడిగితే వేరేలా చెప్తుందని నా నమ్మకం. ఇదీ సారాంశం. టీచర్ చదివి బాగుందన్నారు, కానీ "పుస్తకం రాసినమ్మాయి గురించి కూడా నాలుగు ముక్కలు రాయాలి కదమ్మా" అన్నారు. మిగతావాళ్ళందరూ ధైర్యం గురించీ ఆశ గురించీ రాశారు. అవీ నిజమే. నాకు కనిపించింది రాశాను నేను.

వాళ్ళమ్మ విషయంలో నేను ఊహించింది ఎంత దగ్గరో తర్వాత చాలా ఏళ్ళకి తెలిసింది, శిబిరాల్లోంచి బతికి వచ్చినవాళ్ళు చెప్పినవి చదివినప్పుడు. 1944 సెప్టెంబర్ 3న హాలండ్‌లోని వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి పోలండ్‌లోని ఆష్విట్జ్ మరణ శిబిరానికి వెళ్ళిన చివరి రైల్లో, వెయ్యి మందికి పైగా ఉన్న రైల్లో, ఈ కుటుంబం ఉంది. అక్కడ దిగగానే మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఒట్టోని వాళ్ళు మళ్ళీ చూడలేదు. పుస్తకంలో కూతురితో పడని తల్లి ఈడిత్, అక్కడ ఇద్దరు కూతుళ్ళనీ వదలకుండా తిరిగింది. ఆన్‌కి గజ్జి వచ్చి వేరే బ్యారక్‌లో పడేస్తే, లోపలికి రొట్టె అందించడానికి ఆ గోడ కింద మట్టి తవ్వి కన్నం చేశారట. వేరే చోటికి పనికి పంపే గుంపు ఒకటి బయల్దేరింది, ఆష్విట్జ్ నుంచి బయటపడే దారి అది. ఆన్‌ని గజ్జి ఉందని తీసుకోలేదు. తల్లీ మార్గో ఆన్ కోసం ఉండిపోయారని వాళ్ళతో పాటు ఉన్న ఒకావిడ తర్వాత చెప్పింది. చెల్లిని వదిలి వెళ్ళనన్న ఈ పిల్లనేనా మెతకదన్నారు?

ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దర్నీ జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి తరలించారు, తల్లి ఆష్విట్జ్‌లోనే మిగిలిపోయి 1945 జనవరి 6న చనిపోయింది. బెల్సెన్‌లో ఆన్ చిన్ననాటి స్నేహితురాలు హన్నా గోస్లార్ కంచెకి అవతలి వైపు ఉండేది. ఆన్ చీకట్లో కంచె దగ్గరికి వచ్చి మాట్లాడింది, తన తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారనే అనుకుంటోంది అప్పటికి. మార్గో రాలేకపోయింది, లేవలేని జబ్బు. టైఫస్ అనే విషజ్వరం వచ్చి ముందు మార్గో, కొద్ది రోజుల తేడాలో ఆన్ పోయారు. 1945 ఫిబ్రవరిలో జరిగి ఉంటుందని ఇప్పుడు పరిశోధకులు అంటున్నారు. ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం ఆ శిబిరానికి వచ్చింది. ఎనిమిది మందిలో బతికి తిరిగొచ్చింది ఒట్టో ఒక్కడే. పిల్లలు ఎక్కడో ఉన్నారనే ఆశతో తిరుగుతుంటే జులైలో ఆయనకి కబురు చెప్పింది కూడా, అదే బెల్సెన్‌లో ఉండి బతికొచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. అప్పుడు మీప్ ఇన్నాళ్ళూ డెస్కులో దాచిన కాగితాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. 1947లో పుస్తకంగా వచ్చింది.

హాలండ్‌లో అప్పుడు సుమారు 1,40,000 మంది యూదులు ఉండేవాళ్ళు. అందులో లక్షా ఏడు వేల మందిని రైళ్ళెక్కించారు, తిరిగొచ్చింది ఐదు వేల చిల్లర. ఈ అంకెలు తొమ్మిదో తరగతిలో నాకు చెప్పినా పరీక్ష కోసం బట్టీ పట్టేదాన్నేమో. లాటిన్ లెసన్లు ఇంకొకరి పేరు మీద చేసుకున్న ఒక పిల్లని తెలుసుకున్నాక ఆ అంకె చూస్తే కడుపులో తిప్పేస్తుంది. అందులో ఎంతమంది ఏమేం రాసుకున్నారో, అవన్నీ ఏ నేల మీద పడిపోయాయో.

నెట్ వచ్చాక మార్గో గురించి ఏ ముక్క దొరికినా వదల్లేదు. పడవలు నడిపే జట్టులో ఉండేదట, చక్కగా ఆడేదట, యూదులు ఆటల క్లబ్బుల్లో ఉండకూడదని నాజీలు రూల్ పెట్టడంతో అది పోయింది. ఇంకోటి, 1940 ఏప్రిల్‌లో అక్కాచెల్లెళ్ళిద్దరూ అమెరికాలో ఐయోవా రాష్ట్రంలోని డాన్విల్ అనే చిన్న ఊళ్ళో ఇద్దరు అక్కాచెల్లెళ్ళకి కలం స్నేహం ఉత్తరాలు రాశారు. ఆన్ తన క్లాసు గురించీ పోస్ట్‌కార్డులు సేకరించడం గురించీ రాసింది. మార్గో మాత్రం, మేం తరచూ రేడియో వింటుంటాం, మాది చిన్న దేశం, జర్మనీ పక్కనే సరిహద్దు, ఎప్పుడూ భయంగానే ఉంటుంది అన్న అర్థంలో రాసింది. రెండు వారాలు తిరగకుండానే జర్మన్ సైన్యం వచ్చేసింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఊరూ పేరూ తెలీని దూరదేశపు అమ్మాయికి రాసే మొదటి ఉత్తరంలోనే తన మనసులో ఉన్నది అంత సూటిగా చెప్పింది. నోరు లేని పిల్ల అని నేనెప్పుడూ అనుకోలేదు, ఆ ఉత్తరం చూశాక మరీ సంతోషమేసింది.

దాక్కున్న గదుల గోడ మీద పిల్లల ఎత్తు కొలిచి పెన్సిల్‌తో గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి, ఫోటోలో చూశాను. రెండేళ్ళలో ఆన్ పదమూడు సెంటీమీటర్లు పైనే పెరిగింది, ఆ గీతలు నిచ్చెన మెట్లలా పైకి పోతాయి. మార్గో అప్పటికే ఎదిగిన పిల్ల, తన గీతలు కొంచెంలోనే ఆగిపోతాయి. ఎదగాల్సిన వయసు అంతా అయిపోయి, చేయాల్సిన పనుల వయసు మొదలయ్యే టైములో తీసుకెళ్ళి ఆ గదుల్లో పెట్టారు తనని.

మా చెల్లి ఈ పుస్తకం ఇంటర్‌లో చదివింది. ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది, ఈ విషయం మీద మాకు ఫోన్లో వాదన ఎప్పుడు మొదలైనా గంట తక్కువ కాదు. అది ఆన్ పార్టీ, చెప్పక్కర్లేదు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్ళీ అదే గొడవ. "అక్కా, నువ్వు మార్గో మాట్లాడలేదు మాట్లాడలేదు అంటావు, మార్చిలో ఉత్తరాలు ఎవరు కాపీ చేసి పెట్టారు మరి?" అంది. నిజమే, అవి ఉన్నాయి. 1944 మార్చిలో, అక్కడే దాక్కున్న రెండో కుటుంబం వాళ్ళబ్బాయి పీటర్‌తో తన స్నేహం విషయంలో అక్క బాధపడుతోందేమోనని ఆన్‌కి అనుమానం వస్తే, ఎదురెదురుగా మాట్లాడుకోలేక ఒకే ఇంట్లో ఉండి ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు. మార్గో రాసింది ఇంచుమించు ఇలా ఉంటుంది: నిన్న నాకు అసూయ లేదన్నాను, అది పూర్తి నిజం కాదు, నీ మీదా పీటర్ మీదా కాదు అసూయ, నా మనసులో మాట చెప్పుకోవడానికి నాకు ఇంకా ఎవరూ దొరకలేదే అని బాధ, ఇప్పట్లో దొరికేలా కూడా లేరు, అందుకే మీరిద్దరూ ఒకరినొకరు నమ్ముకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, మిగతా పిల్లలకి మామూలుగా దొరికేవి నీకు ఇక్కడ ఇప్పటికే చాలా లేకుండా పోయాయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల రాసిన ఉత్తరం అది. తనకీ లేవు అవేవీ, ఆ మాట మాత్రం రాయలేదు.

చెల్లి అనేదేమిటంటే, ఆన్ కావాలనుకుంటే ఆ ఉత్తరం సంగతి రెండు మాటల్లో చెప్పి వదిలేయొచ్చు, లేదా అక్కకి కుళ్ళు అని రాసుకోవచ్చు. కానీ అక్క మాటలు అక్కవిగా డైరీలోకి ఎత్తి రాసింది. ఇవాళ మార్గో గొంతు ఆ ఇంట్లోంచి మనకి వినిపిస్తోందంటే అది చెల్లి చలవే. ఇది నేను కాదనలేదు. మెతక అని రాసిన పిల్లే ఏడాది తిరిగేసరికి అక్క ఉత్తరాన్ని అంత జాగ్రత్త చేసిందంటే, ఆ మధ్యలో ఆ ఇరుకు గదుల్లో వాళ్ళిద్దరి మధ్య ఏదో మారింది. ఆన్ వైపు నుంచి ఆ మార్పు పేజీ పేజీకీ కనిపిస్తుంది, అదే ఆ పుస్తకం గొప్పతనం కూడా.

అయినా నాకు ఆ రెండో డైరీ కావాలి. రెండేళ్ళు అదే బీన్స్, అదే మసకబారిన బంగాళాదుంపలు, రాత్రిళ్ళు అవే బాంబుల చప్పుళ్ళు, పగలంతా అడుగు చప్పుడు కాకుండా మెలగడం, అన్నీ చూసిన ఇంకో మనిషి ఏం రాసుకుందో తెలియాలి. నోటీసు నాన్నకి అని ఎందుకు చెప్పిందో, సైకిల్ మీద వెళ్ళేటప్పుడు ఎంత భయమేసిందో, అమ్మ గురించి ఏమనుకునేదో, రాత్రి పడుకునే ముందు ఆన్ గురించి ఏం రాసేదో. ముఖ్యంగా ఆన్ గురించి.